పేరు తేలని జబ్బు: భర్త తరఫున, భార్య తరఫున దవాఖానలో ఎలా మాట్లాడాలి

"రిపోర్టులన్నీ నార్మలే, ఏం లేదు, బలానికి గోలీలు రాస్తున్నా" అని డాక్టరు చెప్తే సంతోషపడాలో ఏడవాలో తెలియని ఇళ్ళు మన వైపు చాలానే ఉన్నాయి. మనిషి చూస్తే నెలల తరబడి మంచం దిగడు. జరం వచ్చి పోతుంది, కాళ్ళు గుంజుతాయి, తిండి సయించదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర మొదలై, దేవరకొండలోనో కల్వకుర్తిలోనో నర్సింగ్ హోం, అక్కడి నుంచి నల్లగొండ లేదా మహబూబ్‌నగర్, చివరికి హైదరాబాద్. ప్రతి చోటా కథ మొదటి నుంచి చెప్పాలి. ప్రతి చోటా అవే రక్త పరీక్షలు.

మా ఆయనతో ఇలా తిరిగాక నాకు అర్థమైంది ఏమిటంటే, చాలాసార్లు ఏ ఒక్క డాక్టరూ మొత్తం కథ వినడు. కీళ్ళ డాక్టరుకు కీళ్ళ నొప్పి చెప్తాం, కడుపు డాక్టరుకు కడుపు నొప్పి చెప్తాం. రాత్రి చెమటల సంగతి ఎవరికీ చెప్పం. అన్నీ తెలిసింది పక్కన పడుకునే మనిషికే. ఆ కథ ముక్కలు కాకుండా ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరు దాకా మోయడమే మీ పని. జబ్బు పేరు కనిపెట్టే పని డాక్టరుకే వదిలేయండి.

ఒక్క మాట ముందే. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మూతి వంకర పోవడం, ఊపిరి ఆడకపోవడం, గుండెలో నొప్పి, ఫిట్స్, స్పృహ తప్పడం, నడుము నొప్పితో పాటు మూత్రం మీద పట్టు పోవడం, ఇలాంటివి వస్తే ఫైలు, కాగితాలు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. ఈ వ్యాసం నెలల తరబడి నలిగే జబ్బుల గురించి.

ముందు ఒక కాగితం రాయండి

ఒక తెల్ల కాగితం, ఒక పక్కనే. రెండు పేజీలైతే ఓపీలో ఎవరూ చదవరు. పైన పేరు, వయసు, ఊరు, చేసే పని, పాత జబ్బులు, పడని మందులు. ఆ కింద మొదటి వాక్యం "ఫలానా నెల దాకా పూర్తిగా బాగున్నాడు" అని ఉండాలి. జబ్బు ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకోవడం కష్టం, చివరిసారి ఎప్పుడు బాగున్నాడో గుర్తు చేసుకోవడం తేలిక.

మనకు తేదీలు గుర్తుండవు, పండుగలు, పంటలు గుర్తుంటాయి. పోయిన బతుకమ్మకు ఆడిందా, పక్కన కూర్చుందా? నాట్లప్పుడు అందరితో పాటు వంగగలిగిందా? పత్తి ఏరే రోజుల్లో మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసిందా? ముందు అలా రాసుకుని, పక్కన నెల, సంవత్సరం వేయండి. తర్వాత జరిగినవన్నీ వరుసగా, చిన్న వాక్యాల్లో రాయండి. ఉదాహరణకు ఇలా:

"జనవరి దాకా బాగున్నాడు. ఫిబ్రవరిలో సాయంత్రం పూట జరం, పది రోజులకు తగ్గింది. మార్చిలో మళ్ళీ జరం, బనీను తడిసేంత రాత్రి చెమటలు. ఏప్రిల్ నుంచి నడుము కింద కుడివైపు నొప్పి, మెట్లు ఎక్కలేడు. మే నాటికి బరువు 64 కిలోల నుంచి 57కు తగ్గింది. ఇప్పుడు పొలం పోవడం లేదు."

ఇందులో "చాలా నీరసం", "ఒళ్ళంతా నొప్పులు" అన్న మాటలు లేవు చూడండి. నీరసం అనే మాట డాక్టరు పొద్దంతా వింటూనే ఉంటాడు. దాని బదులు ఏ పని చేయలేకపోతున్నారో రాయండి. బిందె ఎత్తలేకపోతోంది. జడ వేసుకోవడానికి చేతులు పైకి లేవడం లేదు. చెయ్యి ఆన్చకుండా కింది నుంచి లేవలేకపోతోంది. జొన్నరొట్టె నమిలేసరికి దవడ అలసిపోయి, అన్నం మెత్తగా పిసుక్కుని తింటోంది. జడ వేసుకోలేకపోవడం, కూర్చుని లేవలేకపోవడం కండరాల జబ్బును గుర్తుకు తెస్తాయి. దవడ అలసిపోవడం, సాయంత్రానికి కనురెప్ప వాలిపోవడం మయస్థీనియా అనే జబ్బును గుర్తుకు తెస్తాయి. ఆ లెక్క డాక్టరు వేసుకుంటాడు, ఆనవాళ్ళు మీరు ఇవ్వాలి.

సంసారానికి సంబంధించినవి, నెలసరి, పోయిన కడుపులు, ఏడుపు, అనుమానాలు, మతిమరుపు కూడా జబ్బుకు ఆనవాళ్ళే. కానీ ఆమెను అడగకుండా, ఆయనను అడగకుండా అవి కాగితం మీద పెట్టకండి. "ఇది కూడా రాయనా?" అని ఒక్క మాట అడిగితే చాలు. వద్దంటే ఆ మనిషే డాక్టరుకు విడిగా చెప్పుకునేలా చూడండి.

మన వైపు బతుకు గురించి అడగకపోయినా చెప్పాల్సినవి

కాగితం కింది సగం వీటికి ఉంచండి. పట్నం డాక్టరుకు మన ఊళ్ళ సంగతి తెలియకపోవచ్చు, అడిగే తీరిక కూడా ఉండదు.

నీళ్ళు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపురం వైపు ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు తాగినవాళ్ళకు ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని ఉంటుంది. తాగే నీళ్ళలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చాక తాగేది మారింది గానీ, చిన్నప్పుడు తాగింది ఒంట్లోంచి అంత తొందరగా పోదు. మెడ, నడుము బిగుసుకుపోయి కాళ్ళలో తిమ్మిర్లు వస్తుంటే వెన్నులో నరాలు నలుగుతున్నాయేమో చూడాలి. అందుకే ఆడమనిషికి పుట్టిన ఊరు, మెట్టిన ఊరు రెండూ రాయండి. దీనికి రెండో వైపు కూడా ఉంది. నల్లగొండ అని చెప్పగానే "ఫ్లోరైడే" అని ఇంకేదీ చూడకుండా పంపేసేవాళ్ళూ ఉంటారు. అప్పుడు ఎముకల ఎక్స్‌రేలో అది కనిపిస్తోందా, మూత్రంలో ఫ్లోరైడ్ చూడాలా అని అడగండి.

పశువులు. మా ఆయన జబ్బు ఇక్కడే దొరికింది. టీబీ అనుకుని, ఆర్థరైటిస్ అనుకుని తిరిగాక, ఒక ప్రభుత్వ దవాఖానలో పీజీ చదివే పిల్ల "మీకు గొర్రెలున్నాయా? ఈతలప్పుడు మీరే చెయ్యి పెడతారా? ఈ మధ్య కడుపులు పోయాయా?" అని వరుసగా అడిగింది. బ్రూసెల్లోసిస్ అనే జబ్బు గొర్రెలు, మేకలు, బర్రెల నుంచి మనుషులకు వస్తుంది. ఈతలప్పటి మాయ, ఉమ్మనీరు ముట్టుకున్నా, కాచని పాలు తాగినా అంటుకుంటుంది. వచ్చి పోయే జరం, చెమటలు, నడుము, తుంటి నొప్పి దాని లక్షణాలు. మామూలు జరం పరీక్షల్లో అది ఉండదు, ఎవరో ఒకరు అనుమానించి విడిగా రాయాలి. మందలున్న ఇళ్ళు ఇన్ని ఉన్న పాలమూరులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదంటే ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది.

పురుగుమందులు. పత్తికి, మిరపకు మందు కొట్టిన కొన్ని వారాలకు కాళ్ళలో తిమ్మిరి, బలం తగ్గడం మొదలయ్యే రకాలున్నాయి. "ఏదో మందు" అంటే లాభం లేదు, డబ్బా మీది లేబుల్ ఫొటో తీసుకెళ్ళండి.

కల్లు. చెప్పడానికి సిగ్గుపడతారు గానీ చెప్పాలి. కల్తీ కల్లులో మత్తుమందు కలుపుతారు. రోజూ తాగే మనిషి దవాఖానలో చేరి హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజులకు వణుకు, ఫిట్స్, పిచ్చిమాటలు వస్తాయి. అది కొత్త జబ్బు అనుకుని తల స్కానింగ్‌కు పంపుతారు. చేరిన రోజే చెప్తే ఆ గండం రాకుండా మందు ఇస్తారు.

పాత పని. బొంబాయి, పూణె వలస పోయి ఏం పని చేశారు? రాళ్ళ క్రషర్లో, పలుగురాయి పొడి మిల్లులో చేసినవాళ్ళ ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని వచ్చే సిలికోసిస్, ఎక్స్‌రేలో టీబీలా కనిపిస్తుంది. పదిహేనేళ్ళ కింద మానేసినా రాయండి.

ఇక సూదులు. ఆర్‌ఎంపీ వేసిన సూది పడగానే లేచి కూర్చుని, నాలుగు రోజులకు మళ్ళీ పడిపోతుంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ కొన్ని జబ్బుల గుర్తులను కప్పేస్తుంది, పరీక్షల్లో తేలకుండా చేస్తుంది. నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా మానడం ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని ఆర్‌ఎంపీతో గొడవ పడకుండా "అన్నా, ఏ సూది వేశావో చీటీ మీద రాసియ్యి, నీ మీద మాట రానియ్యను" అని అడగండి. చాలామంది ఇస్తారు. ఇవ్వకపోతే ఖాళీ సీసా తెచ్చుకోండి. పసరు, భస్మాలు వాడితే అవీ రాయండి. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి, వాటితోనే కడుపు నొప్పి, రక్తం తగ్గడం రావచ్చు.

ఇంట్లో కొలిచి పెట్టుకోవాల్సినవి

నుదుటి మీద చెయ్యి పెట్టి చూసిన జరం డాక్టరు లెక్కలోకి రాదు. థర్మామీటరు కొనండి. పొద్దున, సాయంత్రం ఒకే వేళకు చూసి, పారాసిటమాల్ వేసిన టైము కూడా పక్కన రాయండి. 101 డిగ్రీలు దాటే జరం మూడు వారాలకు పైగా వస్తూ పోతూ ఉంటే, డాక్టర్లు దాన్ని కారణం తెలియని జరం కింద విడిగా చూస్తారు. ఆ మూడు వారాల పట్టిక మీ చేతిలో ఉంటే మాట బరువు మారిపోతుంది. బరువు వారానికి ఒకసారి, ఒకే తూకం మీద చూడండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజే ఏమీ కనిపించకపోవడం మామూలే. దద్దు వచ్చి మాయమవుతుంది, వాపు పొద్దున ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఫోన్ ఉంది కదా, తీయండి. ఫిట్స్ లాంటివి వచ్చినప్పుడు ముందు మనిషిని ఒక పక్కకు ఒత్తిగిలించి, 108కి ఫోన్ చేసి, ఇంకొకరి చేత వీడియో తీయించండి. కళ్ళు తెరిచి ఉన్నాయా, ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, ఎంతసేపు అన్నవి కనిపించాలి. వాలిన కనురెప్పను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫొటో తీస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూపొచ్చు.

జరం వచ్చినప్పుడు ఒళ్ళంతా చూడండి. స్క్రబ్ టైఫస్ అనే జబ్బు చిన్న పురుగు కుట్టి వస్తుంది. కుట్టిన చోట కొందరికి సిగరెట్ కాలినట్టు నల్లటి మచ్చ పడుతుంది. అది ఎక్కువగా చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద ఉంటుంది. ఆడవాళ్ళు అది చూపించరు, ఓపీలో డాక్టరు చూడడు. భార్యాభర్తలే చూసి చెప్పాలి. దొరికితే మామూలు మందుతో తగ్గే జబ్బు అది.

ఫైలు

సంచిలో కుక్కిన కాగితాలు ఎవరూ వెతకరు. పారదర్శక జేబులున్న ఫైలు ఒకటి కొని, పైన మీ ఒక పేజీ, తర్వాత డిశ్చార్జి కాగితాలు, తర్వాత రక్త పరీక్షలు తేదీ వరుసలో, చివర స్కానింగ్‌లు పెట్టండి. నార్మల్ వచ్చిన రిపోర్టులు పారేయకండి, ఏది కాదో చెప్పేవి అవే. మాసిపోయే కాగితం మీద వచ్చిన రిపోర్టును ఆ రోజే ఫొటో తీసుకోండి. ఎంఆర్‌ఐ, సీటీ చేయిస్తే ఫిల్ముతో పాటు సీడీ అడిగి తీసుకోండి, పెద్ద దవాఖానలో దాన్ని తెరిచి మళ్ళీ చదువుతారు. ముక్క పరీక్ష (బయాప్సీ) చేసి ఉంటే ల్యాబ్ దగ్గర ఆ ముక్కను దాచిన మైనపు బ్లాకు, స్లైడ్లు ఉంటాయి. ఇంకోచోట చూపించుకోవడానికి వాటిని అడిగి తీసుకోవచ్చు.

దవాఖాన వాళ్ళు "రికార్డులు ఇవ్వం" అంటే మెత్తగానే, కానీ రాతపూర్వకంగా అడగండి. వైద్య మండలి 2002 నియమాల ప్రకారం చేరి చికిత్స తీసుకున్నవాళ్ళ రికార్డులు మూడేళ్ళు ఉంచాలి, రోగి గానీ రోగి తరఫువాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఈ ఒక్క వాక్యం దరఖాస్తులో రాస్తే కౌంటర్ దగ్గర మాట మారడం చూశాను.

ఆభా నంబరు, అంటే 14 అంకెల ఆరోగ్య నంబరు, చేయించి పెట్టుకుంటే ప్రభుత్వ దవాఖానల్లో ఓపీ చీటీ తొందరగా వస్తుంది. అది ఉంది కదా అని కాగితం ఫైలు మానకండి.

అన్నట్టు, భార్యకు జబ్బు చేస్తే కొన్నాళ్ళు అమ్మగారింటికి పంపడం మన దగ్గర మామూలు. అక్కడ వాళ్ళు వేరే డాక్టరుకు చూపిస్తారు, వేరే ఫైలు తయారవుతుంది. మనిషిని పంపితే ఫైలు కూడా వెంట పంపండి, అక్కడ రాసిన ప్రతి చీటీ అందులోనే పెట్టమని బావమరిదికి చెప్పండి.

ఎవరి దగ్గరికి

మోకాలు నొప్పికి ఎముకల డాక్టరు, తలనొప్పికి నరాల డాక్టరు అని మనకు మనమే పంచుకుంటాం. పేరు తేలని జబ్బుకు మొదట కావాల్సింది జనరల్ మెడిసిన్ డాక్టరు, అంటే ఎండీ ఫిజీషియన్. ఒంటిని మొత్తంగా చూసేది ఆయనే. ఇప్పుడు దూరం పోనక్కర్లేదు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటల్లోనూ వచ్చాయి. కాలేజీ దవాఖానలో హౌస్ సర్జన్లు, పీజీలు విసుగు లేకుండా గంటసేపు ప్రశ్నలు అడుగుతారు. "చిన్న డాక్టరు, ఏం తెలుసు" అని వాళ్ళను తప్పించుకుని పెద్ద సారు దగ్గరికి ఎగబడకండి. మీ ఒక పేజీని పూర్తిగా చదివేది వాళ్ళే.

ఆ ఫిజీషియన్లలో ఒకరిని మీ మనిషిగా చేసుకోండి. ఎక్కడికి వెళ్ళొచ్చినా తిరిగి ఆయనకే చూపించాలి. పది మంది స్పెషలిస్టులు పది మందులు రాస్తే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పడానికి ఒకరు కావాలి.

అక్కడ తేలకపోతే రిఫర్ చీటీ రాయించుకుని ముందుకు పోండి. బీబీనగర్ ఎయిమ్స్ నల్లగొండ వాళ్ళకు దగ్గర, అక్కడ ఆగే రైలు చూసుకుంటే స్టేషన్ నుంచి ఆటోలో పోవచ్చు. కీళ్ళవాతం, నరాలు, జన్యువుల జబ్బులకు పంజాగుట్ట నిమ్స్. నల్లగొండ బస్సులో వచ్చేవాళ్ళు ఎల్బీ నగర్‌లో, మహబూబ్‌నగర్ వైపు వాళ్ళు ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కితే ఎర్రమంజిల్లోనో పంజాగుట్టలోనో దిగొచ్చు. ఉస్మానియా, గాంధీ ఎలాగూ ఉన్నాయి. ఓపీ చీటీలు పొద్దుటి పూటే అయిపోతాయి కాబట్టి మొదటి బస్సు ఎక్కండి.

పరీక్షల విషయంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. పేపర్లో వచ్చే ఫుల్ బాడీ ప్యాకేజీలు కొనకండి. అడగని ప్రశ్నకు జవాబు దొరికితే దాని వెంట ఇంకో పది పరీక్షలు పడతాయి. "టైఫాయిడ్ పాజిటివ్" అని ఏడాదిలో నాలుగోసారి చెప్తే నమ్మకండి. ఊళ్ళలో చేసే వైడాల్ పరీక్ష పాత టైఫాయిడ్‌కూ, వేరే జబ్బులకూ పాజిటివ్ చూపిస్తుంది. జరం ఎక్కువగా ఉన్నప్పుడు, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కు తీస్తే సూక్ష్మజీవి దొరికే అవకాశం ఎక్కువ. అందుకే దవాఖానకు బయల్దేరే ముందు రోజు ఊళ్ళో "ఒక్క సూది వేసుకుని పోదాం" అనే అలవాటు మానాలి.

గదిలోకి వెళ్ళాక

దొరికేది మూడు నాలుగు నిమిషాలు. కాగితం చేతికిచ్చి ఒక్క వాక్యం చెప్పండి: "సార్, ఫిబ్రవరి నుంచి జరం వచ్చి పోతోంది, ఏడు కిలోలు తగ్గాడు, కారణం తేలలేదు." అక్కడ ఆగండి. మొదట రోగినే మాట్లాడనివ్వండి. మరిచిపోయింది మీరు అందివ్వండి, మాటకు అడ్డం పడకండి. "ఏం లేదు సార్, కొంచెం పర్వాలేదు" అని మగవాళ్ళు డాక్టరు ముందు ధైర్యం చూపిస్తారు. అప్పుడు మాత్రం "నిన్న రాత్రి రెండు బనీన్లు మార్చాడు సార్" అని చెప్పాల్సింది మీరే.

మీరు భార్య అయితే "వెంట మగవాళ్ళెవరూ రాలేదా?" అని అడుగుతారు, మరిదికో బావకో చెప్పి మిమ్మల్ని బయట నిలబెడతారు. అప్పుడు గొంతు పెంచక్కర్లేదు. "నేనే ఆయన భార్యను సార్. మందులిచ్చేది, జరం చూసేది నేనే. నాకే చెప్పండి" అనండి. మీరు భర్త అయితే డాక్టరు ఆమెను వదిలేసి మిమ్మల్నే చూసి మాట్లాడతాడు. ఆమె వైపు తిరిగి "నువ్వే చెప్పు" అనండి. "ఆమె మీతో విడిగా మాట్లాడుతుంది మేడం, నేను బయట ఉంటా" అని లేచి వచ్చే భర్తలు తక్కువ. అలా లేచి వస్తే కొన్ని జబ్బులు ఆ రోజే బయటపడతాయి.

అడగాల్సిన ప్రశ్నలు కాగితం వెనక రాసుకోండి. ఇప్పటిదాకా ఏవి కావని తేలింది? ఇంకా ఏమై ఉండొచ్చు, అందులో ప్రమాదమైనది ఏది? ఈ పరీక్షలో ఏం తేలితే మందు మారుతుంది? ఎన్ని రోజుల్లో తగ్గకపోతే మళ్ళీ రావాలి? చివరి ప్రశ్న చాలామంది అడగరు, నా దృష్టిలో అదే అన్నిటికంటే పనికొచ్చేది. "గూగుల్‌లో చూశాను, ఇది లూపస్" అంటే డాక్టరు ముఖం మాడ్చుకుంటాడు. "లూపస్ కాదని తేలిందా సార్?" అంటే జవాబిస్తాడు.

టీబీ అనుమానంతో మందులు మొదలుపెడితే ఏ పరీక్ష ఆధారంగా అన్నది, ఎన్ని వారాల్లో మార్పు కనిపించాలన్నది అడగండి. తగ్గలేదని మీకు మీరే మధ్యలో మానకండి, వెళ్ళి చెప్పండి.

ఇక "టెన్షన్" అనే మాట. ఆడవాళ్ళకైతే రెండో ఓపీలోనే వస్తుంది. కోపం రావడం న్యాయమే గానీ, అక్కడ పోట్లాడితే తలుపు మూసుకుంటుంది. ఇలా చెప్పి చూడండి: "టెన్షన్ ఉంది సార్, ఇన్ని నెలలు మంచంలో ఉంటే ఎవరికైనా ఉంటుంది. మనసు డాక్టరుకు కూడా చూపిస్తాం. కానీ బరువు తగ్గడం, కొలిచిన జరం టెన్షన్‌తో వస్తాయా? అది కూడా, ఇది కూడా చూద్దాం సార్." ఆ మాట మీద నిజంగానే సైకియాట్రీకి కూడా వెళ్ళండి. మనసు బాధ ఒంట్లో నొప్పిగా, ఫిట్స్‌గా రావడం నిజమే, అది నటన కాదు, దానికీ చికిత్స ఉంది. మనసు డాక్టరే "ఇది నా జబ్బు కాదు, వెనక్కి పంపుతున్నా" అని రాసిచ్చిన చీటీ ఫిజీషియన్ దగ్గర చాలా పనిచేస్తుంది.

బయటికి రాగానే, బస్సు ఎక్కకముందే, సారు ఏం చెప్పారో ఇద్దరూ కలిసి రాసుకోండి. ఊరికి వచ్చేసరికి ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది.

డబ్బు

ఆరోగ్యశ్రీ కింద తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా వస్తుంది, 2023 డిసెంబరులో పెంచారు. చిక్కేమిటంటే అది జబ్బు పేరు తేలి, దవాఖానలో చేరి, లిస్టులో ఉన్న చికిత్స చేయించుకుంటేనే. పేరు తేలని రోజుల్లో డబ్బు కరిగేది ఓపీలు, పరీక్షలు, బస్సులు, హోటళ్ళ మీద. అందుకే రక్త పరీక్షలు వీలైనన్ని తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో చేయించండి. పీహెచ్‌సీలో రక్తం తీసి జిల్లా ల్యాబ్‌కు పంపుతారు, ఖర్చు లేదు, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్ళకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి ఆధార్ మరవకండి.

చేరాల్సి వస్తే ముందు దవాఖానలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రను కలవండి. ప్రైవేటులో కట్టిన బిల్లుల అసలు కాపీలు జాగ్రత్త, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు నుంచి పెట్టుకోవచ్చు. నిమ్స్ లాంటి చోట పెద్ద ఖర్చు ముందే తెలిస్తే అంచనా కాగితం తీసుకుని ఎల్‌ఓసీ, అంటే ఖర్చుకు ప్రభుత్వం ముందే ఇచ్చే హామీ పత్రం, అడగండి. ఈ పనులు చేయిస్తామని కమీషన్ అడిగేవాళ్ళు గేటు దగ్గరే ఉంటారు, వాళ్ళతో పని లేదు.

ఒకవేళ అరుదైన జన్యు జబ్బని తేలితే, కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన జబ్బుల విధానం కింద హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీతో కలిసి నిమ్స్ ఒక కేంద్రంగా ఉంది. లిస్టులో ఉన్న జబ్బులకు 50 లక్షల దాకా సాయం ఉంటుంది.

ఇంట్లో వాళ్ళతో

జబ్బుకు పేరు లేకపోతే ఊరే పేరు పెడుతుంది. గాలి సోకిందంటారు, బాణామతి అంటారు, కోడలు పని ఎగ్గొట్టడానికి పడుకుందంటారు. అత్తమ్మ అమావాస్యకు చెరువుగట్టు గుడికి పోదామంటే పోండి, జాన్‌పహాడ్ దర్గాకు పోదామంటే పోండి. మనిషికి ఊరట దొరికితే మంచిదే. అక్కడ గోలీలు మానకపోవడం, ఎవరో ఇచ్చిన మందు తాగకపోవడం మాత్రం గట్టిగా పట్టుకోండి. ఎవరో ఒకరి పేరు చెప్పి "వాళ్ళే చేశారు" అంటే ఆ మాట గడప దాటనివ్వకండి, దానితో ప్రాణాలు పోయిన ఊళ్ళున్నాయి.

చూడడానికి వచ్చిన ప్రతి చుట్టమూ ఒక కొత్త డాక్టరు పేరు చెప్తాడు. "మా సారు దగ్గర ఇంకో నెల చూస్తున్నాం, ఆ తర్వాత మీరు చెప్పిన చోటికి" అని ఒకే జవాబు తయారుగా పెట్టుకుని, ఇంట్లో అందరూ అదే చెప్పండి.

మీకు నిద్ర లేకపోతే ఈ పనులేవీ సాగవు. వారంలో ఒక రాత్రి పక్కన ఉండే పని ఆడబిడ్డకో, అన్నకో అప్పజెప్పండి. గుండె భారమై మాట్లాడే మనిషి లేనప్పుడు మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

తేలినా, తేలకపోయినా

కొన్ని జబ్బులు మొదట్లో ఏ పరీక్షలోనూ దొరకవు, ఆరు నెలలకో ఏడాదికో రూపం తేలతాయి. అందుకే మూడు నెలలకోసారి ఆ ఒక పేజీని కొత్తగా రాసి, ఏం మారిందో కింద గీత గీసి అదే ఫిజీషియన్‌కు చూపించండి, ఏ పరీక్ష మళ్ళీ చేయాలో అడగండి. పేరు తేలేదాకా నొప్పికి, నిద్రకు, తిండికి చికిత్స ఆగక్కర్లేదు, అది కూడా అడిగి తీసుకోండి.

పేరు తేలిన రోజు దాన్ని పెద్ద అక్షరాల్లో రాయించుకోండి. ఎన్నాళ్ళు మందు, మధ్యలో మానితే ఏమవుతుంది, పిల్లలకు వస్తుందా, ఇంట్లో ఇంకెవరికి పరీక్ష చేయాలి అని అక్కడే అడగండి. మాకు బ్రూసెల్లోసిస్‌కు చెప్పిన మందులు రెండు రకాల యాంటీబయాటిక్‌లు, వారాల తరబడి, ఒక్క పూట తప్పకుండా. మందలో చేయిసాయం చేసిన మరిదికీ రక్తపరీక్ష రాశారు, గొర్రెలను పశువుల డాక్టరుకు చూపించమన్నారు, ఈతలప్పుడు చేతులకు గ్లవ్స్ లేకుండా దగ్గరికి పోవద్దన్నారు. గ్లవ్స్ మందుల షాపులో దొరుకుతాయి.